ఒళ్లో పది నిమిషాలు

మూడేళ్ల పిల్లవాడు బొమ్మను నేలకేసి కొడతాడు. ఎందుకు కొట్టావంటే చెప్పడు. చెప్పడానికి వాడి దగ్గర మాట లేదు. "నాకు కోపం వచ్చింది", "ఇంకాసేపు ఆడుకుంటా", "ఇది నాకు రావట్లేదు" అనే మూడు ముక్కలు నోటికి వస్తే చేతికి సగం పని తప్పుతుంది. మాటలు ఆలస్యమైన పిల్లల్లో మొండితనం, కొట్టడం తరచుగా కనిపించడానికి ఇదొక పెద్ద కారణం. చదువు వేరు, బుద్ధులు వేరు అనుకుని ఒకదానికి పలక, రెండోదానికి బెత్తం పట్టుకునే ఇళ్లలో ఈ సంగతే మరుగున పడిపోతుంది. బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని పది నిమిషాలు పుస్తకం చదివితే, వాడికి కావలసిన ఆ మాటలు అక్కడే దొరుకుతాయి.

న్యూయార్క్‌లో పిల్లల డాక్టరు అలన్ మెండెల్‌సన్ బృందం చేసిన పని ఇక్కడ చెప్పుకోవాలి. బిడ్డను పరీక్షకు తీసుకొచ్చినప్పుడల్లా, తల్లో తండ్రో బిడ్డతో ఆడుతూ, చదువుతూ ఉండగా కొద్ది నిమిషాలు వీడియో తీసి, అక్కడికక్కడే వాళ్లకు చూపించేవారు. బిడ్డ ఏదో అన్నప్పుడు తాము బదులిచ్చిన క్షణాలు వాళ్లే చూసుకునేవారు. బిడ్డకు మూడేళ్లు వచ్చేదాకా ఇలా సాగింది. ఏడాదిన్నర తర్వాత చూసినా ఆ పిల్లల్లో దుడుకుతనం, కుదురులేనితనం తక్కువగానే ఉన్నాయని 2018లో ప్రచురించారు. అక్కడ నేర్పింది శిక్షలు కాదు. చదవడం, ఆడటం, బదులు పలకడం.

ఎలా చదివామన్నది, ఎంత చదివామన్నదానితో సమానంగా లెక్కలోకి వస్తుంది. 1988లో మనస్తత్వవేత్త గ్రోవర్ వైట్‌హర్స్ట్ రెండేళ్లు అటూ ఇటూ ఉన్న పిల్లల తల్లిదండ్రులను రెండు గుంపులు చేశారు. ఒక గుంపు మామూలుగా చదివింది, రెండో గుంపు పిల్లల చేత మాట్లాడిస్తూ చదివింది. నెల తిరిగేసరికి రెండో గుంపు పిల్లలు మాట్లాడే శక్తిని కొలిచే ఒక పరీక్షలో 8.5 నెలలు ముందున్నారు.

ఆ పద్ధతి ఇలా ఉంటుంది. పేజీలో గొడుగు కింద ఒక కుక్క ఉంది. పాప వేలు పెట్టి "కుక్క" అంటుంది. మీరు "అవునమ్మా, తడిసిన కుక్క. గొడుగు కిందికి దూరింది" అంటారు. పాప మాటను ఒప్పుకున్నారు, దానికి రెండు మాటలు తగిలించారు. "ఏదీ, తడిసిన కుక్క అను" అని ఒకసారి అనిపిస్తారు. అంతే. రేపు అదే పేజీలో "కుక్క ఏం చేస్తోంది?" అని అడగండి. నాలుగో రోజుకు "ఎందుకు దూరింది?", ఆ తర్వాత "మొన్న వానలో మనం ఏం చేశాం?" పేరు నుంచి పనికి, పని నుంచి కారణానికి, కారణం నుంచి తన జీవితానికి ప్రశ్న మెట్టుమెట్టుగా ఎక్కుతుంది.

ఇది చెడిపోయేది రెండు చోట్ల. మొదటిది, ప్రశ్న అడిగి ఆగకపోవడం. విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో తరగతి గదుల్లో గమనించినప్పుడు, టీచర్లు ప్రశ్న అడిగాక ఆగేది సుమారు ఒక్క సెకను. దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడుగయ్యాయి. చిన్నపిల్లలకు ఐదు ఇవ్వండి; మనసులో ఐదు లెక్కపెట్టడం మొదట్లో మనకే కష్టం. రెండోది, "ఇదేంటి? ఇదేంటి?" అని పరీక్ష పెట్టడం. ఒక ప్రశ్నకు రెండు కబుర్లు చొప్పున కలిపితే పిల్లలు ఒళ్లోంచి జారిపోరు.

అదే పుస్తకం మళ్లీ మళ్లీ అడుగుతారని విసుక్కోవద్దు. మనస్తత్వ పరిశోధకురాలు జెస్సికా హార్స్ట్ 2011లో మూడేళ్ల పిల్లలకు కొన్ని కొత్త మాటలు వినిపించారు. ఆ మాటలు ఎన్నిసార్లు చెవిన పడ్డాయన్నది అందరికీ సమానమే, కానీ ఒకే కథలో పదేపదే విన్నవాళ్లే, వేర్వేరు కథల్లో విన్నవాళ్లకన్నా బాగా నేర్చుకున్నారు. కథ తెలిసిపోతే, దృష్టి మాట మీదికి మళ్లుతుంది.

మనం చదువుతుంటే పిల్లలు అక్షరాలు చూస్తున్నారనుకుంటాం. వాళ్ల చూపు దాదాపు అంతా బొమ్మల మీదే ఉంటుందని కంటి కదలికలను కొలిచిన పరిశోధనలు చెబుతున్నాయి. అందుకని పుస్తకం పేరు కింద వేలు జరపండి, పెద్దక్షరాల్లో "ధబ్" అని ఉన్నచోట ఆగి చూపించండి. పుస్తకానికి రెండు మూడు చోట్ల చాలు. వరసవరసకీ వేలు పెడితే కథ చచ్చిపోతుంది.

అక్షరం కన్నా ముందు చప్పుడు. "పలక" అంటూ ప-ల-క అని మూడు చప్పట్లు కొట్టించండి. అది వచ్చాక "పలకలో ప తీసేస్తే?" అని అడగండి. తెలుగు రాత పలుకు పలుకుగా విడిపోతుంది కాబట్టి ఈ ఆట నేరుగా చదవడానికి పనికొస్తుంది. అక్షరాలను మాత్రం అ ఆ నుంచి బండిర వరకు వరసగా ఎక్కించాలన్న పట్టుదల వద్దు. ౠ కనిపించే మాట పిల్లలకు ఎన్నాళ్లకు తగులుతుంది? వాళ్ల పేరులోని అక్షరాలతో మొదలుపెట్టండి. ప, ఫ, వ, మ లాంటి పోలికలున్నవాటిని ఒకే వారం నేర్పొద్దు. గుణింతాలు, వత్తులు కలిస్తే రూపాలు వందల్లోకి పోతాయి, పట్టుబడటానికి ఏళ్లు పడుతుంది. ఐదేళ్లకు వత్తులు తడబడితే అది బద్ధకం కాదు. రాత కూడా అంతే: మూడేళ్లకు సున్నా, నాలుగేళ్లకు కూడిక గుర్తు, ఐదేళ్లకు త్రిభుజం సుమారుగా చేతికొస్తాయి. అప్పటిదాకా బంకమట్టి, కాగితం చింపడం, అంగుళం పొడుగు క్రేయాన్ ముక్కలు ఇవ్వండి. ముక్క పొట్టిది కాబట్టి పిడికిలితో పట్టుకోవడం కుదరదు, వేళ్లే పనిచేయాలి.

ఇక పుస్తకం మూసే వేళ. గొడవ వచ్చేది ఇక్కడే. "బుద్ధిగా ఉండు" అంటే ఏం చేయాలో అందులో లేదు. "పుస్తకం పెట్టేస్తావా?" అంటే "పెట్టను" అనడం సరైన జవాబే. రెండు పేజీల ముందే చెప్పండి. తర్వాత చెయ్యి అందేంత దగ్గరగా వంగి, కళ్లలోకి చూసి, ఒకే పని చెప్పండి: "పుస్తకం అరలో పెట్టు నాన్నా." ఐదు సెకన్లు మాట్లాడకండి. పెట్టగానే "చెప్పిన వెంటనే అరలో పెట్టేశావు" అని చేసిన పని పేరెత్తి మెచ్చుకోండి. ఉత్త "గుడ్" అంటే దేనికో తెలియదు.

ఏడిస్తే? "ఇంకా చదవాలని ఉంది, కోపం వచ్చింది కదూ" అని ఒక్కసారి చెప్పి, మాట మీద నిలబడండి. మొదటి కొన్ని రోజులు ఏడుపు పెరగవచ్చు. ఇంతకుముందు పనిచేసిన ఉపాయం పనిచేయడం లేదని గట్టిగా ప్రయత్నిస్తున్నారన్నమాట. చాలామంది సరిగ్గా అరుపు తారస్థాయికి చేరినప్పుడే లొంగిపోతారు. అప్పుడు బిడ్డ నేర్చుకునేది, అంత గట్టిగా అరవాలని. మనస్తత్వవేత్త జెరాల్డ్ ప్యాటర్సన్ ఇళ్లలో ఏళ్ల తరబడి గమనించి వివరించిన వలయం ఇదే: బిడ్డ అరుపుకు పెద్దలు తగ్గుతారు, పెద్దల అరుపుకు బిడ్డ తగ్గుతాడు, ఇద్దరూ అరుపే సాధనమనుకుంటారు. ఒకటి మాత్రం మరవొద్దు, అల్లరికి శిక్షగా రాత్రి కథ ఆపేయకండి. మాటలు నేర్చుకునే చోటే మూతపడుతుంది.

కొన్ని వారాలకు ఒక దృశ్యం కనిపించవచ్చు. పాప అర దగ్గర ఒక్కతే నిలబడి "పుస్తకం పెట్టెయ్యాలి... కోపం వచ్చింది... రేపు చదువుకుందాం" అని గొణుక్కుంటూ ఉంటుంది. మూడు నుంచి ఏడేళ్ల మధ్య పిల్లలు ఇలా తమతో తాము మాట్లాడుకుంటారు. బయటి నుంచి విన్న మాటే ముందు గొణుగుడై, తర్వాత లోపలి ఆలోచనై పనిని నడిపిస్తుందని రష్యన్ మనస్తత్వవేత్త లెవ్ వైగోట్‌స్కీ వివరించారు. ఆ సమయంలో "ఎవరితో మాట్లాడుతున్నావ్?" అని ఆపకండి.