చెప్పి పెట్టడం, అడిగి పెట్టడం

పనిచేసే చోట కొత్త సాఫ్ట్‌వేర్ దిగిన ప్రతిసారీ రేగే గొడవ మళ్లీ రేగింది. ఈసారి దాని పేరు ఏఐ. ఎవరి కీబోర్డు ఎన్ని నిమిషాలు కదల్లేదో లెక్కగట్టే ప్రోగ్రాములు, మీటింగులో ఎవరేమన్నారో పూస గుచ్చినట్టు రాసిపెట్టే అసిస్టెంట్లు, షిఫ్టు మార్చమని అడిగితే మనిషి బదులు జవాబిచ్చే యాప్‌లు. ‘ముందే మెయిల్ పెట్టాం కదా’ అంటున్నాయి యాజమాన్యాలు. ‘మమ్మల్ని అడిగిందెవరు’ అంటున్నారు ఉద్యోగులు.

ఈ కథని మగ్గాలు పగలగొట్టిన నేతగాళ్లతోనో, స్టాప్‌వాచీ పట్టుకుని కార్మికుల వెనక నిలబడ్డ ఇంజనీరు టేలర్‌తోనో మొదలుపెట్టడం ఆనవాయితీ. అదంతా తెలిసిందే, వదిలేద్దాం. ఇవాళ్టి తగాదా అర్థం కావాలంటే చూడాల్సింది 1971 నాటి నార్వేని.

క్రిస్టెన్ నైగార్డ్ కంప్యూటర్ శాస్త్రవేత్త. 1960లలో ఓలె-యోహాన్ డాల్‌తో కలిసి సిములా అనే ప్రోగ్రామింగ్ భాషని తయారుచేశారు. ఇవాళ ప్రోగ్రామర్లు పొద్దున లేస్తే వాడే ‘క్లాస్’, ‘ఆబ్జెక్ట్’ అందులోంచి వచ్చినవే. ఆ పనికే కంప్యూటర్ రంగంలో అతిపెద్ద పురస్కారమైన ట్యూరింగ్ అవార్డు, 2001 సంవత్సరానికి, ఇద్దరికీ దక్కింది. సిములాతో ఒక ఫ్యాక్టరీని కంప్యూటర్లోనే నడిపి చూడొచ్చు. పని ఎక్కడ పేరుకుంటోంది, ఏ యంత్రం ఖాళీగా ఉంటోంది, ఎవరి పని ఎటు మార్చొచ్చు అన్నీ తెలుస్తాయి. లెక్క కట్టించుకునేది యాజమాన్యం, లెక్కలోకి ఎక్కేది కార్మికుడు. తను చేసిన పనిముట్టు ఎవరి చేతికి బలమిస్తోందో నైగార్డ్‌కి కనిపించింది. ఆయన వెళ్లి నార్వే ఇనుము, లోహ కార్మికుల సంఘంతో కలిశారు.

మొదట అనుకున్నది మామూలు పరిశోధనే. నాలుగు ఫ్యాక్టరీలు చూడటం, నివేదిక రాయడం, సంఘానికి అప్పజెప్పడం. కొన్నాళ్లకే వాళ్లకి విషయం అర్థమైంది. నివేదిక ఎంత బాగున్నా అల్మరాలోకి పోతుంది, ఫ్యాక్టరీలో ఏమీ మారదు. దాంతో ప్రాజెక్టు లక్ష్యాన్నే తిరగరాశారు. ఫలితం అంటే పరిశోధకుల కాగితం కాదు, దీనివల్ల కార్మిక సంఘం చేసి చూపించేదే ఫలితం అని తేల్చారు. అక్కణ్నుంచి కార్మికులే తమ ఫ్యాక్టరీలోని కంప్యూటర్ వ్యవస్థ గురించి కూర్చుని చదువుకోవడం మొదలుపెట్టారు. వాళ్ల కోసం పాఠ్యపుస్తకాలు తయారయ్యాయి. ఈ వ్యవస్థ మా గురించి ఏం రాసుకుంటోంది, ఎవరికి చూపిస్తోంది, మా చేతిలో ఉన్న ఏ నిర్ణయాన్ని లాగేసుకుంటోంది అని అడగడం నేర్చుకున్నారు.

ఆ ప్రశ్నలే ఒప్పందాలయ్యాయి. ముందు ఒకటి రెండు చోట్ల, తర్వాత 1975లో దేశం మొత్తానికి. నార్వే కార్మిక సంఘాల సమాఖ్యకీ యాజమాన్యాల సమాఖ్యకీ మధ్య కుదిరిన ఆ ఒప్పందంలో రెండు షరతులు ఇవాళ్టికీ చదవదగ్గవి. కొత్త వ్యవస్థ గురించి కార్మిక ప్రతినిధులకి చెప్పేది వాళ్లు తమ అభిప్రాయం చెప్పగలిగేంత ముందుగా, నిర్ణయం అమలు కాకముందే చెప్పాలి. చెప్పే భాష నిపుణుడు కానివాడికి కూడా అర్థం కావాలి. కంప్యూటర్ వ్యవహారాలు చూసుకోవడానికి కార్మికులు తమలోంచే ఒక ప్రతినిధిని ఎన్నుకోవచ్చని కూడా అందులో ఉంది. 1977 నాటి పని వాతావరణ చట్టం ఈ హక్కుని శాసనంలోకి ఎక్కించింది.

అక్కడంతా సాఫీగా నడిచిందని చెప్పడం లేదు. కంప్యూటర్ నేర్చిన ప్రతినిధులు కొందరు నిపుణులతో కలిసిపోయి, తమని ఎన్నుకున్నవాళ్లకి దూరమయ్యారన్న విమర్శ ఉంది. అయినా ప్రశ్న ఎవరు వేయాలో ఒకసారి తేలిపోయింది.

దీని తర్వాతి మెట్టు 1981లో మొదలైన యుటోపియా ప్రాజెక్టు. పత్రికల్లో అక్షరాలు కూర్చే కార్మికుల సంఘాలు, స్వీడన్, డెన్మార్క్ పరిశోధకులు కలిసి తమ పనికి తగ్గ కంప్యూటర్ ఎలా ఉండాలో రూపు కట్టాలనుకున్నారు. అప్పటికి వాళ్లకి కావలసిన యంత్రాలు మార్కెట్లో దాదాపు లేవు. ఏం చేశారంటే, ఒక ఖాళీ అట్టపెట్టె తెచ్చి దాని మీద ‘లేజర్ ప్రింటర్’ అని రాసి బల్ల మీద పెట్టారు. కాగితాలు అతికించిన బోర్డు తెర అయింది. పేజీలు కట్టడంలో చేయి తిరిగినవాళ్లు దాని ముందు కూర్చుని, నిజంగా పనిచేస్తున్నట్టే చేసి చూపించారు. ఇక్కడ చేయి అందడం లేదు, ఇక్కడ పేజీ మొత్తం కనపడాలి అన్నారు. అట్టముక్క కాబట్టి అక్కడికక్కడే కోసి మార్చారు. కోట్లు పోసి కొన్న వ్యవస్థని అలా కోయలేం. అందుకే కొన్నాక ‘ట్రైనింగ్’ మిగులుతుంది, కొనకముందైతే మాట మిగులుతుంది.

అందులోనూ ఒక పొరపాటు జరిగింది. ప్రాజెక్టులో కంపోజిటర్లు ఉన్నారు కానీ విలేకరుల సంఘం లేదు. తీరా పత్రికాఫీసులో పెట్టి చూసేసరికి ఏ పని ఎవరిదన్న పేచీ వచ్చింది. పిలవనివాళ్ల బాధ అక్కడ కూడా అదే.

ఇక అడగకుండా పెడితే ఏమవుతుందో చెప్పడానికి బ్రిటన్ పోస్టాఫీసు ఒక్కటి చాలు. హొరైజన్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌ని 1999 నుంచి బ్రాంచీల్లో పెట్టారు. రాత్రి లెక్క కట్టేసరికి సొమ్ము తక్కువ చూపించేది. ఒప్పందం ప్రకారం ఆ తేడా బ్రాంచి నడిపే సబ్ పోస్ట్‌మాస్టరే కట్టాలి. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే ‘ఇలా మీకొక్కరికే వస్తోంది’ అన్నారని ఎంతోమంది తర్వాత సాక్ష్యం చెప్పారు. సరిగ్గా ఆ రోజుల్లోనే బ్రిటన్ చట్టంలోనూ ఒక మార్పు వచ్చింది. కంప్యూటర్ రికార్డుని సాక్ష్యంగా తెస్తే అది సరిగా పనిచేస్తోందని చూపించాలన్న 1984 చట్టంలోని 69వ సెక్షన్‌ని 1999లో రద్దు చేశారు. ఆ మార్పు 2000 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. యంత్రం చెప్పింది నిజమేనని ముందే అనుకోవడం కోర్టుకీ పాకింది.

900 మందికి పైగా కోర్టుల్లో దోషులుగా తేలారు. ఇల్లు అమ్ముకున్నవాళ్లు, జైలుకెళ్లినవాళ్లు ఉన్నారు. 555 మంది కలిసి వేసిన కేసులో 2019 డిసెంబరులో జస్టిస్ ఫ్రేజర్ సాఫ్ట్‌వేర్‌లో తప్పులున్నాయని తేల్చారు. అది పటిష్టంగా ఉందన్న పోస్టాఫీసు వాదనని, భూమి బల్లపరుపుగా ఉందని ఈ శతాబ్దంలో వాదించడంతో పోల్చారు. 2021 ఏప్రిల్‌లో 39 మంది శిక్షలు ఒకేసారి రద్దయ్యాయి. మిగతా శిక్షల్లో ఎక్కువ భాగాన్ని కొట్టేయడానికి 2024లో పార్లమెంటు ఏకంగా ప్రత్యేక చట్టమే చేయాల్సి వచ్చింది.

యాజమాన్యాల వైపు మాట కూడా ఉంది. పోటీలో ఆలస్యమైతే నష్టం, ప్రతిదానికీ కమిటీలంటే పని సాగదు, కొన్ని వివరాలు సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీ రహస్యాలు. లండన్‌లో టైమ్స్ పత్రిక కొత్త టెక్నాలజీ మీద తగవుతో 1978 డిసెంబరు నుంచి దాదాపు ఏడాది మూతపడిన సంగతిని వాళ్లు గుర్తుచేస్తారు.

కొలత ఎంత సన్నబడిందో చూడాలంటే ఫ్రాన్స్‌కి రావాలి. అమెజాన్ గోదాముల స్కానర్లు ఏం నమోదు చేస్తున్నాయో అక్కడి డేటా రక్షణ సంస్థ పరిశీలించింది. ఒక వస్తువుని స్కాన్ చేశాక 1.25 సెకన్లు కాకముందే ఇంకొకటి స్కాన్ చేస్తే అది ఒక తప్పు. పది నిమిషాలు స్కాన్ లేకపోతే ఇంకో తప్పు. అంటే తొందరపడినా లెక్కే, ఆగినా లెక్కే. ఇది హద్దు మీరిన నిఘా అంటూ 3.2 కోట్ల యూరోల జరిమానా వేసినట్టు 2024 జనవరిలో ఆ సంస్థ ప్రకటించింది. ఆ కొలతలు పని భద్రతకీ నాణ్యతకీ అవసరమని కంపెనీ వాదన.

గోదాముల దాకా ఎందుకు. నేను పనిచేసిన ఒక ఆఫీసులో కొత్త సిస్టం వచ్చిన రోజు మాకు చూపించింది ఒక వీడియో. ఆర్నెల్ల తర్వాత కూడా అకౌంట్స్‌లో సీనియర్ ఒకావిడ సొరుగులో పాత నోటుబుక్కు పెట్టుకుని, ముందు అందులో రాసి తర్వాత సిస్టంలో ఎక్కించేవారు. ఎందుకని అడిగితే, ‘ఇది తప్పు చూపిస్తే నేనేం చూపించాలి?’ అన్నారు. పైవాళ్ల రిపోర్టులో మాత్రం అందరూ కొత్త సిస్టం వాడుతున్నట్టే ఉండేది.

అడిగి పెట్టించుకున్నవాళ్లు ఈ మధ్య కూడా లేకపోలేదు. 2023లో అమెరికా సినీ, టీవీ రచయితల సంఘం 148 రోజులు సమ్మె చేసి ఒప్పందంలో రాయించుకుంది. ఏఐ వాడి తీరాలని రచయితని బలవంతం చేయకూడదు. ఏఐ తయారుచేసిన సరుకుని చేతికిస్తే ఆ సంగతి చెప్పాలి. అయితే అంత బలమైన సంఘం ఎన్ని ఆఫీసుల్లో ఉంది?

లేనిచోట చట్టమే దిక్కు. 2024 ఆగస్టు 1న అమల్లోకి వచ్చిన యూరోపియన్ యూనియన్ ఏఐ చట్టం పనిచేసే చోట మనిషి భావోద్వేగాలని పసిగట్టే వ్యవస్థలని, వైద్య, భద్రతా అవసరాలు మినహా, నిషేధించింది. ఆ నిషేధం 2025 ఫిబ్రవరి 2 నుంచి వర్తిస్తోంది. పని పంచిపెట్టే, పనితీరు కొలిచే వ్యవస్థలని ఎక్కువ ముప్పు ఉన్నవాటిలో చేర్చి, అలాంటివి వాడేముందు ఉద్యోగులకీ వాళ్ల ప్రతినిధులకీ తెలియజేయాలని 26వ అధికరణంలో రాసింది. తెలియజేయాలి అన్న మాట 1975 ఒప్పందంలో కూడా ఉంది. దాని పక్కన, అభిప్రాయం చెప్పే వీలుండేంత ముందుగా అన్న ముక్క ఉంది. ఆ ముక్క ఈ అధికరణంలో లేదు, దాన్ని ఏ దేశానికి ఆ దేశం తన చట్టాల్లో చూసుకోవాలి. ‘ముందే మెయిల్ పెట్టాం కదా’ అనేవాళ్లకి మొదటి ముక్క సరిపోతోంది.