పీడబ్ల్యూ-1 నుంచి అప్పీలుదారు దాకా: కోర్టులో బాధితుడి చోటు

2025 మార్చి 10న నల్లగొండలోని ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక కోర్టు మిర్యాలగూడ పరువు హత్య కేసులో తీర్పు చెప్పింది. ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం. గర్భిణి అయిన భార్యను ఆస్పత్రిలో చూపించుకుని బయటికొస్తున్న దళిత యువకుణ్ని 2018 సెప్టెంబర్‌లో నరికి చంపిన కేసది. ప్రధాన నిందితుడు తీర్పు రాకముందే 2020లో చనిపోయాడు. మరి ఈ ఆరున్నరేళ్లలో చంపబడ్డవాడి కుటుంబానికి కోర్టులో ఉన్న హోదా ఏమిటి?

నిజాం జమానాలో గడీ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డవాడికి న్యాయం దొర దయ. 1951లో ఐపీసీ, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ హైదరాబాద్ రాష్ట్రానికీ వచ్చాయి. నేరం ఎవరి మీద జరిగినా అది సర్కారు మీద జరిగినట్టే అన్నది వాటి లెక్క. కేసు నడిపేది సర్కారు వకీలైన పబ్లిక్ ప్రాసిక్యూటర్ (పీపీ). దెబ్బ తిన్నవాడు పీడబ్ల్యూ-1, అంటే ఒకటో నంబర్ సాక్షి. సమన్లు అందితే రావాలి, పేరు పిలిస్తే బోనెక్కాలి, అడిగినదానికే జవాబు చెప్పాలి, బత్తా తీసుకుని ఊరికి పోవాలి. సొంత వకీలును పెట్టుకున్నా ఆయన పీపీ వెనకాల కూర్చోవాల్సిందే.

ఊళ్లలో పెద్దమనుషుల పంచాయితీ ఇంకా బతికి ఉండటానికి ఇదొక కారణమని నా నమ్మకం. రాజీ అంటే బలమున్నోడి మాటే చెల్లుతుందని అందరికీ తెలుసు. అయినా అక్కడ తన గోడు తన నోటితో చెప్పుకోవచ్చు.

మార్పు విడతలు విడతలుగా వచ్చింది. పోలీసులు కేసు మూసేస్తామంటే ఫిర్యాదుదారు మాట కూడా వినాలని 1985లో సుప్రీంకోర్టు చెప్పింది. అసలు మలుపు 2009 డిసెంబర్ 31. ఆ రోజు అమల్లోకి వచ్చిన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సవరణతోనే ‘బాధితుడు’ ఎవరో చట్టంలో తొలిసారి రాశారు. నిందితుణ్ని వదిలేస్తే బాధితుడే అప్పీలుకు వెళ్లొచ్చన్నారు. నిందితుడు దొరక్కపోయినా సర్కారు పరిహారమిచ్చే పథకం కూడా అందులోదే. పరిహారం గురించే ఎక్కువగా మాట్లాడతారు గానీ, నా దృష్టిలో అప్పీలు హక్కే పెద్దది. అంతకుముందు సర్కారు ఊరుకుంటే కథ దాదాపు అక్కడికే ఆగేది.

ఎస్సీ, ఎస్టీ చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. 2016 జనవరి 26 నుంచి అమలైన సవరణ ప్రకారం, నిందితుడి బెయిల్ పిటిషన్ విచారించే ముందు బాధితులకు చెప్పాలి, వాళ్ల మాట వినాలి. హత్య కేసుల్లో 2016 నిబంధనలు పెట్టిన సాయం రూ.8.25 లక్షలు: పోస్టుమార్టం తర్వాత సగం, చార్జిషీటు కోర్టుకు చేరాక మిగతా సగం. మిర్యాలగూడ కేసు ఈ సవరణ తర్వాతిది. మామూలు కేసుల్లోనూ ప్రతి దశలో బాధితుడి మాట వినాలని 2022లో లఖింపుర్ ఖేరీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

2024 జులై 1న క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన కొత్త కోడ్ బీఎన్‌ఎస్‌ఎస్ ప్రకారం ఎఫ్‌ఐఆర్ కాపీ బాధితుడికి ఉచితంగా ఇవ్వాలి, 90 రోజుల్లోగా దర్యాప్తు ఎక్కడిదాకా వచ్చిందో చెప్పాలి. బాధితుడి మాట వినకుండా కేసు ఉపసంహరణకు కోర్టు ఒప్పుకోకూడదు. రాజకీయ ఒత్తిడితో కేసులు ఎత్తేసే చోట ఇది చిన్న అడ్డు కాదు. అయితే ఆ తేదీ నాటికే నడుస్తున్న దర్యాప్తులు, విచారణలు పాత కోడ్ కిందే సాగుతాయి. అందుకే స్టేషన్‌లో ఏదైనా అడగబోయే ముందు తమ కేసు ఏ కోడ్ కిందిదో చూసుకోవాలి.