నీరెంత అన్న లెక్క నుంచి నీరెలా అన్న లెక్క దాకా

పెన్నా నది వెలిగొండలను దాటి నెల్లూరు మైదానంలోకి దిగే చోట కట్టిన సోమశిల జలాశయం సామర్థ్యం 78 టీఎంసీలు. అక్కడి నుంచి వరద కాలువ ద్వారా నిండే కండలేరుది 68. జిల్లా రైతులకు ఈ అంకెలు కంఠస్థం. ఏ రోజు ఎంత నిల్వ ఉందో, ఎన్ని క్యూసెక్కులు వచ్చి చేరుతున్నాయో దినపత్రికలు ఎప్పటికప్పుడు చెబుతాయి. ఆ నీటిలో ఒండ్రు పాలెంత, నాచు ఎంత పెరిగింది అన్నది మాత్రం ఆ వార్తలో కనిపించదు. 1983 ఏప్రిల్ 18న కుదిరిన తెలుగుగంగ ఒప్పందంతో కండలేరు నీరు తమిళనాడులోని పూండి జలాశయం మీదుగా చెన్నై నగరానికి తాగునీరు కూడా అయింది కనుక, ఈ లోటు ఒక్క జిల్లాకు సంబంధించినది కాదు. కొండల నడుమ ఉన్న నీటి నాణ్యతను ఆకాశం నుంచి కొలిచే పద్ధతి ఇప్పుడు అందుబాటులో ఉంది. అది ఇక్కడి దాకా రావడానికి ఇంత కాలం ఎందుకు పట్టిందో దాని చరిత్రే చెబుతుంది.

నీటి స్వచ్ఛతను కంటితో కొలవడం పాత పద్ధతి. 1865లో ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త ఆంజెలో సెచ్చి తెల్లని పళ్లేన్ని తాడుతో సముద్రంలోకి దించి, అది ఎంత లోతున కనుమరుగవుతుందో నమోదు చేశాడు. అమెరికాలోని సియెరా నెవాడా పర్వతాల మధ్య ఉన్న టాహో సరస్సులో 1968 నుంచి ఇదే కొలత క్రమం తప్పకుండా తీస్తున్నారు. మొదట్లో 30 మీటర్ల లోతు దాటినా కనిపించిన పళ్లెం ఇటీవలి సంవత్సరాల్లో 20 మీటర్ల దరిదాపుల్లోనే మాయమవుతోంది. సన్నని మట్టి రేణువులూ సూక్ష్మమైన నాచూ పెరగడమే ఇందుకు ప్రధాన కారణాలు. పడవ, మనిషి, తాడు ఉన్న చోట ఇది చక్కగా సాగుతుంది, కానీ దారి లేని కొండ సరస్సులన్నింటికీ పడవలు పంపడం సాధ్యం కాదు.

1972 జూలైలో కక్ష్యలోకి చేరిన తొలి లాండ్‌శాట్ అనే అమెరికా ఉపగ్రహం నేలను చూడటానికి పుట్టినది. దాని ప్రధాన కెమెరాకు నీలి కాంతిని విడిగా కొలిచే పట్టీయే లేదు. నీటి రంగును చదవడానికే తయారైన తొలి పరికరం 1978లో అమెరికా ఉపగ్రహం నింబస్-7 మీద వెళ్లింది, అయితే దాని గురి సముద్రం. మన దేశం 1999 మే 26న శ్రీహరికోట నుంచి, అంటే అప్పటి నెల్లూరు జిల్లా నేల మీద నుంచే, ఓషన్‌శాట్-1ను పంపింది. దాని రంగుల కెమెరా ఒక్కో పిక్సెల్‌లో, అంటే చిత్రంలోని ఒక్కో చుక్కలో, 360 మీటర్ల మేర చూసేది. మత్స్యకారులకు చేపలుండే చోట్లు సూచించడానికి అలాంటి సమాచారం ఎంతో పనికొచ్చింది. కొండ లోయల్లోకి పాయలుగా చొచ్చుకుపోయిన జలాశయానికి మాత్రం అంత పెద్ద పిక్సెల్ చాలదు, ఎందుకంటే అందులో సగం నీరు, సగం గట్టు కలిసిపోతాయి.

అంతకంటే లోతైన చిక్కు మరొకటి ఉంది. నడి సముద్రంలో నీటి రంగును మార్చేది ప్రధానంగా నాచులోని పత్రహరితమే కాబట్టి, నీలం, ఆకుపచ్చ కాంతుల నిష్పత్తి చూస్తే దాని మోతాదు అంచనాకు వస్తుంది. జలాశయంలో ఒండ్రు, కుళ్లిన ఆకుల నుంచి దిగిన గోధుమ రంగు కూడా అదే కాంతిని తారుమారు చేస్తాయి. అందుకే శాస్త్రవేత్తలు ఎరుపు చివరి అంచుకు, 705 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కాంతికి దృష్టి మళ్లించారు. నాచు దట్టంగా ఉన్న నీరు అక్కడ ప్రత్యేకంగా మెరుస్తుంది. 2015 జూన్‌లో ఐరోపా పంపిన సెంటినెల్-2ఏ ఆ పట్టీని 20 మీటర్ల పిక్సెల్‌తో అందించింది, 2017లో జంట ఉపగ్రహం తోడయ్యాక అయిదు రోజులకొకసారి చిత్రం రావడం మొదలైంది, అదీ ఉచితంగా. చిన్న జలాశయాలకు అసలైన మలుపు ఇదేనని నా అభిప్రాయం.

పర్వతాల్లో ఇంకా కొన్ని ఇబ్బందులు మిగిలాయి. హిమాలయాల్లో, ఆల్ప్స్‌లో చలికాలపు కొండ నీడ నీటిని కప్పేస్తుంది. హిమానీనదాలు నూరిన రాతిపొడి సరస్సుకు పాల నీలి రంగునిస్తుంది, నాచుకు లెక్కగట్టిన సూత్రం అక్కడ తప్పుతుంది. వెలిగొండలు అంత ఎత్తైనవి కావు గనుక నీడ పెద్ద సమస్య కాదు. ఇక్కడ ఎక్కువగా బాధించేది గట్టు మీది పొదల నుంచి, మట్టి నుంచి వచ్చిన కాంతి గాలిలో చెదిరి పక్కనున్న నీటి పిక్సెల్‌లో కలవడం. సన్నని పాయల్లో ఈ దోషాన్ని సరిచేయకుండా ఇచ్చే అంకెను నమ్మకూడదు.

నెల్లూరుకు ప్రత్యేకమైన ఇబ్బంది రుతువుది. ఇక్కడ ముఖ్యమైన వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. 2021 నవంబరులో ఎగువన చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, ఆ వరద పెన్నాలో కలిసి సోమశిలకు చేరినప్పటిలా, బురద నీరు ముంచెత్తే రోజుల్లోనే మబ్బులు పట్టి ఉంటాయి. రాడార్ ఉపగ్రహాలు మబ్బుల గుండా చూసి నీటి విస్తీర్ణం చెప్పగలవు, రంగు చెప్పలేవు. నీటిలో కరిగిన ఫ్లోరైడ్‌కు రంగే లేదు కనుక, పక్కనున్న ప్రకాశం జిల్లా పల్లెలను దశాబ్దాలుగా పీడిస్తున్న ఆ సమస్యకు ఏ ఉపగ్రహ చిత్రమూ జవాబివ్వదు. అక్కడ ప్రయోగశాల పరీక్షే దిక్కు.

ఉపగ్రహం చూసేది కూడా పై పొరలోని నీటినే. ఆ చూపును లీటరుకు ఇన్ని మైక్రోగ్రాముల పత్రహరితం అన్న అంకెగా మార్చాలంటే, చిత్రం తీసిన రోజే, వీలైతే అదే పూటలో, పడవ మీద వెళ్లి నీటి నమూనా తెచ్చి పరీక్షించి సరిపోల్చాలి. సోమశిల, కండలేరుల్లో వేర్వేరు రుతువుల్లో అలాంటి నమూనాలు కొన్నేళ్లపాటు పోగుచేస్తే, 2015 నుంచి భద్రంగా ఉన్న మబ్బులేని చిత్రాలను వెనక్కి తిరిగి చదివి, ఏ వేసవిలో నాచు ఎంత ముదిరిందో అంచనా వేయవచ్చు. ఆ ఫలితం టీఎంసీల అంకె పక్కనే తెలుగులో అచ్చుకావాలి.