గాలిలోని నత్రజని, దానిని లొంగదీసే లోహాలు: పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

వేరుశనగ పీకినప్పుడు వేళ్ళకు ఉండే బుడిపెలు తెగులు కావని, వాటిలో కాపురముండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తాయని తెలిశాక మీరు అడిగిన ప్రశ్న నాకు ఎంతో నచ్చింది. మట్టిలో, మామూలు వేడిమిలో ఒక సూక్ష్మజీవి చేసుకుపోయే పనికి మనిషికి రామగుండంలో ఉన్నటువంటి పెద్ద ఎరువుల కర్మాగారం ఎందుకు కావలసి వచ్చింది, ఆ జీవి చేసినట్టే మనమూ చేయలేమా అన్నారు. ఫోనులో చెప్పి ముగించగల సంగతి కాదు గనుక ఉత్తరంగా రాస్తున్నాను.

మనం పీల్చే గాలిలో 78 శాతం నత్రజనే. అయితే అందులోని ప్రతి అణువులోనూ రెండు నత్రజని పరమాణువులు త్రిబంధంతో, అంటే మూడు పట్లతో, బిగుసుకుని ఉంటాయి. ఒక మోల్ నత్రజనిలో ఆ బంధాలను తెంచాలంటే 945 కిలోజౌళ్ళ శక్తి కావాలి. పైగా ఈ అణువులో రెండు కొసలూ ఒకే రకమైనవి. విద్యుదావేశం ఒక వైపుకు ఒరిగి ఉండదు. అందుచేత ఆమ్లం గాని క్షారం గాని దానిని పట్టుకోవడానికి సులువైన చోటు దొరకదు.

జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్ 1909లో ప్రయోగశాలలో చేసి చూపించిన పద్ధతిని కార్ల్ బాష్ పరిశ్రమ స్థాయికి పెంచగా, 1913లో ఓపావ్‌లో మొదటి అమ్మోనియా కర్మాగారం మొదలైంది. నత్రజనిని, హైడ్రోజన్‌ను కలిపి, సుమారు 400 నుంచి 500 డిగ్రీల వేడిమిలో, వాతావరణ పీడనానికి నూరు రెట్లకు మించిన ఒత్తిడిలో ఇనుప ఉత్ప్రేరకం (తాను ఖర్చుకాకుండా చర్యను వేగిరపరిచే పదార్థం) మీదుగా పోనిస్తారు. ఇనుము ఉపరితలం మీద నత్రజని అణువు ముందుగా రెండుగా విడిపోతుంది, ఆ తరువాతే హైడ్రోజన్ వచ్చి చేరుతుంది. ఈ క్రమాన్ని విడమరచి చూపిన గెరార్డ్ ఎర్ట్ల్‌కు 2007లో నోబెల్ బహుమతి వచ్చింది. రామగుండంలో యూరియాకు కావలసిన అమ్మోనియా తయారయ్యేదీ ఈ దారిలోనే. అక్కడ హైడ్రోజన్ సహజవాయువు నుంచి వస్తుంది.

సూక్ష్మజీవి దారి వేరు. దానిలోని నైట్రోజినేజ్ అనే ఎంజైము మధ్యలో ఏడు ఇనుము, తొమ్మిది గంధకం, ఒక మాలిబ్డినం పరమాణువులు, వాటి నడుమ ఒక కర్బన పరమాణువు కలిసిన చిన్న గుంపు ఒకటి ఉంటుంది. ఆ కర్బనం సంగతి తేలింది 2011లోనే. ఈ గుంపు నత్రజనిని ఒక్కసారిగా చీల్చదు. ఒక ఎలక్ట్రాన్, ఒక ప్రోటాన్ (హైడ్రోజన్ పరమాణువు కేంద్రకం), మళ్ళీ ఒక ఎలక్ట్రాన్, ఒక ప్రోటాన్ చొప్పున చేరుస్తూ త్రిబంధాన్ని మెట్టుమెట్టుగా సడలిస్తుంది. ఇదంతా ఖర్చు లేకుండా జరిగిపోతుందని కొందరు చెబుతుంటారు, అది నిజం కాదు. ఒక్క నత్రజని అణువుకు కణాలలో శక్తిని మోసే ఏటీపీ అణువులు కనీసం 16 ఖర్చవుతాయి, ఆ శక్తికి మూలమైన ఆహారాన్ని మొక్క తన ఆకుల్లో తయారుచేసి వేళ్ళకు పంపుతుంది. చురుకుగా పనిచేస్తున్న బుడిపెను గోటితో చీల్చి చూడండి, లోపల గులాబీ రంగు కనిపిస్తుంది. అది లెగ్‌హీమోగ్లోబిన్ రంగు. ఆక్సిజన్ తగిలితే నైట్రోజినేజ్ పాడైపోతుంది గనుక, ఈ ప్రోటీన్ ఆక్సిజన్‌ను పట్టి ఉంచి, సూక్ష్మజీవి శ్వాసకు కావలసినంత మాత్రమే అందిస్తుంది.

ఇక మనిషి అనుకరణ. లోహం నత్రజని అణువును చెక్కుచెదరకుండా పట్టుకోగలదని 1965లో టొరంటోలో ఆలెన్, సెనోఫ్‌లు రుథీనియంతో చూపించారు. ఆ తరువాత ఇంగ్లండులో జోసెఫ్ చాట్ బృందం మాలిబ్డినం, టంగ్‌స్టన్‌లు పట్టుకున్న నత్రజనికి ఆమ్లం చేర్చి అమ్మోనియాను రాబట్టింది. కాని అక్కడ ఒకసారి అమ్మోనియా ఇచ్చిన లోహం తిరిగి పనిలోకి రాలేదు. తిరిగి రానిదానిని ఉత్ప్రేరకం అనలేము.

ఆ కొరతను 2003లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ ష్రాక్, యాండులోవ్ తీర్చారు. వారి అణువులో ఒకే ఒక మాలిబ్డినం పరమాణువు ఉంది. దాని చుట్టూ, లేత మొక్కకు ముళ్ళకంపతో దడి కట్టినట్టు, మూడు వైపులా పెద్దపెద్ద కర్బన సమూహాలను నిలిపారు. ఆ దడి లేకపోతే రెండు మాలిబ్డినం పరమాణువులు ఒకే నత్రజనిని రెండు కొసలా పట్టుకుని, పని అక్కడే ఆగిపోతుంది. ఈ ప్రయోగంలో నన్ను బాగా ఆకట్టుకున్నది వారు ఎలక్ట్రాన్లను అందించిన తీరు. ఎలక్ట్రాన్లను ఇచ్చే ద్రావణాన్ని ఒక్కసారిగా పోయకుండా, పంపు సాయంతో ఆరు గంటల పాటు కొద్దికొద్దిగా వదిలారు. ప్రోటాన్లకు కూడా, ఆ ప్రయోగంలో వాడిన హెప్టేన్ అనే ద్రవంలో సరిగా కరగని ఆమ్లాన్నే ఏరి తీసుకున్నారు. ఎందుకంటే ఎలక్ట్రాన్లు, ప్రోటాన్లు సమృద్ధిగా ఎదురుపడితే నత్రజనిని వదిలేసి తమలో తాము కలిసిపోయి హైడ్రోజన్ వాయువుగా లేచిపోతాయి. ఈ పనిలో అసలు కష్టం బంధం గట్టిదనంకన్నా ఇక్కడే ఎక్కువ ఉందని నా అభిప్రాయం. ఎంజైము సైతం ఎనిమిది ఎలక్ట్రాన్లలో రెండింటిని హైడ్రోజన్‌కే వదులుకుంటుంది. ష్రాక్ అణువు ఇచ్చిన ఎలక్ట్రాన్లలో సుమారు మూడింట రెండు వంతులను అమ్మోనియాలోకి చేర్చగలిగింది. అయితే ఒక్కొక్క మాలిబ్డినం నాలుగు నత్రజని అణువులను మాత్రం మార్చి చతికిలపడింది.

ఇందులో గంధకం లేదు, ఇనుము లేదు. చూపుకు ఎంజైముతో పోలికే లేదు. అనుకరించినది పనినే గాని రూపాన్ని కాదు. అసలు ఎంజైములో నత్రజనిని పట్టేది మాలిబ్డినమా, ఇనుమా అన్న వాదం చాలా కాలం నడిచింది. 2013లో అమెరికాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయంలో జొనాస్ పీటర్స్ బృందం మాలిబ్డినం ప్రమేయం లేకుండా, ఒకే ఇనుప పరమాణువున్న అణువుతో, మైనస్ 78 డిగ్రీల చలిలో అమ్మోనియాను రాబట్టాక ఇనుము పక్షానికి బలం చేకూరింది.

2019లో టోక్యోలో నిషిబయాషి బృందం చేసినది వీటన్నిటికన్నా పెద్ద అడుగు. వారి మాలిబ్డినం ఉత్ప్రేరకం గది వేడిమిలో, ప్రోటాన్ల కోసం నీటిని వాడుకుంటూ కూడా, నిమిషానికి నూరుకు పైగా అమ్మోనియా అణువులను ఇచ్చింది. వారు సాధించిన గరిష్ఠ దిగుబడి ఒక్కొక్క ఉత్ప్రేరక అణువుకు 4,350 అమ్మోనియా అణువులు. అంతమాత్రాన రేపే కర్మాగారాలు మూతపడతాయని అనుకోకండి. అక్కడ ఎలక్ట్రాన్లు వచ్చినది సమారియం అనే లోహపు సమ్మేళనమైన సమారియం డైఅయొడైడ్ నుంచి. ఒక్క అమ్మోనియా అణువుకు మూడు సమారియం పరమాణువులు తమ ఎలక్ట్రాన్లను ఇచ్చి చేవ కోల్పోతాయి, ఆ సమారియంను మళ్ళీ మొదటి స్థితికి తేవడం ఖరీదైన పని. సూర్యకాంతితోనో గాలితోనో పుట్టే విద్యుత్తు నుంచి నేరుగా ఎలక్ట్రాన్లను అందించే దారి కోసమే ఇప్పుడు పలు దేశాల్లో రసాయన శాస్త్రజ్ఞులు వెతుకుతున్నారు.

ఇట్లు,
మీ తాతయ్య