0.98 చూపించిన మీటరు

కరెంటు తరంగంలో కలిసిపోయే, 50 హెర్ట్జ్‌కు ఐదు, ఏడు రెట్ల లాంటి మలిన తరంగాలే హార్మోనిక్స్. వాటికి వేసే జరిమానా మాట లేచినప్పుడల్లా అందరి వేలూ ఫ్యాక్టరీ వైపే చూపిస్తుంది. తమిళనాడు టారిఫ్‌లో ఇది ఎప్పట్నుంచో ఉంది. పరిమితి దాటితే మూడు నెలల గడువు, అప్పటికీ తగ్గించుకోకపోతే హై టెన్షన్ (హెచ్‌టీ) వినియోగదారుడికి 15 శాతం అదనపు భారం. కోయంబత్తూరు స్పిన్నింగ్ మిల్లులకు ఈ లెక్క కంఠతా వచ్చు.

ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ల చరిత్రను పాదరస గొట్టాల కాలం నుంచి ఎత్తుకోనక్కర్లేదు. నేటి గొడవకు మూలం డీసీ మోటారు పోయి, ఏసీ మోటారు వేగాన్ని మార్చే ఏసీ డ్రైవ్ వచ్చిన మలుపులో ఉంది.

థైరిస్టర్లతో, అంటే ఎప్పుడు తెరుచుకోవాలో మనం చెప్పగల స్విచ్చులతో, నడిచే డీసీ డ్రైవ్‌లో వేగం తగ్గించే కొద్దీ కరెంటు వోల్టేజీ కన్నా వెనకబడి పవర్ ఫ్యాక్టర్ (లాగిన దాంట్లో పనికొచ్చే వాటా) పడిపోయేది. బిల్లులో దెబ్బ తగిలేది. అందుకే ఆ వెనకబాటును సరిచేసే కెపాసిటర్ బ్యాంకులు ఫ్యాక్టరీలు పెట్టుకున్నాయి. పెట్టుకోమన్నదీ విద్యుత్ బోర్డులే. తర్వాత వచ్చిన ఏసీ డ్రైవ్ ముందు భాగంలో ఆరు డయోడ్లు, వాటి వెనక పెద్ద కెపాసిటర్, అంతే. చవక, గట్టిది. డయోడ్ల వరుసలో వృథాగా పోయే శక్తి ఒక శాతం లోపే. మీటరు చూస్తే పవర్ ఫ్యాక్టర్ 0.98. ఇంకేం కావాలి?

ఆ 0.98 సగం నిజమే. వెనకున్న కెపాసిటర్ కన్నా లైన్ వోల్టేజీ ఎక్కువైన కాసేపే డయోడ్లు కరెంటు లాగుతాయి. స్కోపు పెట్టి చూస్తే అర సైకిల్‌కు రెండు కుందేలు చెవుల్లా కనిపిస్తుంది. చెవులు వోల్టేజీ శిఖరానికి అటూ ఇటూ సమంగా నిలబడతాయి కాబట్టి, వెనకబాటును మాత్రమే కొలిచే పాత మీటరుకు తప్పేమీ కనిపించదు. కరెంటును నునుపుచేసే తీగచుట్ట, అంటే చోక్, లేని డ్రైవ్‌లో కరెంటు వక్రత (అసలు తరంగంతో పోల్చితే హార్మోనిక్స్ ఎంత) 80 శాతం ఉందనుకోండి, అసలు పవర్ ఫ్యాక్టర్ 0.77కు మించదు. డ్రైవ్‌లో ఆదా అయిన నష్టం ట్రాన్స్‌ఫార్మర్‌కు బదిలీ అయింది. దాని లోహంలో సుడి తిరిగే కరెంట్ల వేడి, అంటే ఎడ్డీ నష్టాలు, ఫ్రీక్వెన్సీ వర్గంతో పెరుగుతాయి. 250 హెర్ట్జ్ దగ్గర ఒక ఆంపియర్ చేసే ఆ నష్టం, 50 హెర్ట్జ్ దగ్గర అదే ఆంపియర్ చేసేదానికి 25 రెట్లు.

పాత కెపాసిటర్ బ్యాంకులు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. 5 శాతం ఇంపెడెన్స్ ఉన్న 1000 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌కు 400 కేవీఏఆర్ కెపాసిటర్లు కలిపితే అనునాదం (రెండూ కలిసి ఒక ఫ్రీక్వెన్సీని ఎన్నో రెట్లు పెంచే స్థితి) దాదాపు ఏడో హార్మోనిక్ దగ్గర పడుతుంది. ఆరు డయోడ్ల వంతెన పుట్టించే వాటిలో ఐదు తర్వాతది అదే. ప్యానెల్ తలుపు తీస్తే డబ్బాలు పొట్ట ఉబ్బి ఉంటాయి. ఎలక్ట్రీషియన్ 'నాసిరకం కెపాసిటర్' అని కొత్తది బిగించి వెళ్తాడు, అదీ ఉబ్బుతుంది.

మందు లేక కాదు. గాజువాకలో 1999లో మొదలైన హెచ్‌వీడీసీ (హై వోల్టేజీ డీసీ) కేంద్రం పన్నెండు పల్స్‌లది, అంటే ఆరేసి పల్స్‌ల వంతెనలు రెండు కలిపినది. స్టార్, డెల్టా వైండింగ్‌ల మధ్య 30 డిగ్రీల తేడా ఐదు, ఏడులను ఒకదానితో ఒకటి కొట్టించేస్తుంది, మిగిలినవాటికి యార్డులో ఫిల్టర్లు. 1993లో వియన్నాలో యోహాన్ కోలార్ మూడే స్విచ్చులతో రెక్టిఫయర్ చేసి చూపించారు. ఈవీ ఫాస్ట్ చార్జర్లలో ఇప్పుడు వాడేది ఆ బాపతే. డయోడ్ల స్థానంలో ఐజీబీటీలు (వేగంగా తెరిచి మూయగల స్విచ్చులు) పెడితే వక్రత 5 శాతం లోపుకు వస్తుంది. అయితే ధర పెరుగుతుంది, డ్రైవ్‌లో వేడీ పెరుగుతుంది. అంటే గ్రిడ్‌కు మేలు చేసే యంత్రం కొన్నవాడి సొంత నష్టం కాస్త ఎక్కువే. చిన్న మిల్లుకు అందుబాటులో ఉన్నది చోక్ ఒక్కటే, అది 80ని 40 దగ్గరకు దించుతుంది. కొటేషన్‌లో చాలాసార్లు అది 'అదనం' కింద ఉంటుంది.

డిస్కంల వాదనా తీసిపారేసేది కాదు. ఒకరు పాడుచేసిన వోల్టేజీని ఫీడర్ మీదున్న అందరూ మోయాలి. అంతర్జాతీయ ఇంజినీర్ల సంస్థ ఐఈఈఈ 1992లో తెచ్చిన 519 ప్రమాణం కరెంటు బాధ్యతను వినియోగదారుడికి, వోల్టేజీ బాధ్యతను సరఫరాదారుడికి పంచింది. మన కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2007 నిబంధనల్లో కరెంటు వక్రతకు 8 శాతం హద్దు పెట్టి, 2019 సవరణలో ఐఈఈఈ 519-2014కు మారింది. ఇవన్నీ కనెక్షన్ పాయింట్ దగ్గర మొదలయ్యే నియమాలు, డ్రైవ్ అమ్మే కౌంటర్ దగ్గర కాదు.

కొలతలోనూ ఇదే ఇబ్బంది. పక్క ఫర్నేస్ వోల్టేజీని పాడుచేస్తే మిల్లు కెపాసిటర్లు ఆ ఐదో హార్మోనిక్‌ను తమవైపు లాక్కుంటాయి. మిల్లు యజమాని సమక్షంలోనే రీడింగ్ తీస్తారు. అందులో ఏ ఆంపియర్ ఎవరిదో ఆ కాగితం మీద ఉండదు.