పెరుగు డబ్బా, హెల్మెట్

చిన్నూ, బుజ్జీ,

టెక్సాస్‌లోని మీ ఫ్రిస్కో నుంచి వచ్చి పదిహేను రోజులైనా ఇంకా రాత్రి రెండింటికే మెలకువ వచ్చేస్తోంది, ఆ టైములోనే కూర్చుని ఇది రాస్తున్నాను. మనబడిలో నేర్చుకున్న తెలుగుతో చిన్నూ చదవాలి, ఎక్కడైనా ఆగితే అమ్మని అడగండి. మీ ఫ్రెండ్స్‌లో తెలుగు చదవగలిగేవాళ్లుంటే వాళ్లకీ ఇవ్వండి.

చిన్నూ, నేను బయల్దేరే ముందురోజు నువ్వు అడిగావు, "అమ్మమ్మా, నీకు ఫుట్‌బాల్ అంటే ఎందుకంత భయం?" అని. ఇక్కడ కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు, హెల్మెట్ పెట్టుకుని, బంతి చేత్తో పట్టుకుని గుద్దుకుంటూ ఆడే మీ అమెరికా ఫుట్‌బాల్. సూట్‌కేసుల తూకం చూసుకునే హడావిడిలో ఏదో రెండు ముక్కలు చెప్పి ఊరుకున్నాను. ముప్ఫై ఏళ్లు జువాలజీ చెప్పినదాన్ని, మనవడు అడిగితే అలా వదిలేయడం నాకే బాగోలేదు.

ఆట నాకు నచ్చలేదని మాత్రం అనుకోకు. శుక్రవారం రాత్రి హైస్కూలు మ్యాచ్‌కి తీసుకెళ్లారు చూడు, ఊరు ఊరంతా తిరునాళ్లకి కదిలినట్టు కదిలింది, ఆ బ్యాండు, ఆ లైట్లు, పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని ఆవిడ నాకు దుప్పటి కప్పడం, అన్నీ గుర్తున్నాయి. మర్నాడు నువ్వు మంచం మీద వేరుశనగ గింజలు పేర్చి ఎవరెక్కడ నిలబడతారో చూపించావు. నడిమధ్యన ఒక గింజ పెట్టి "వీడు సెంటర్, బంతి ఇచ్చేది వీడే, ఇచ్చిన మరుక్షణం ఎదుటివాడు వీడి మీద పడతాడు" అన్నావు. ఆ గింజ దగ్గర నుంచే మొదలుపెడతాను.

పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌లో మైక్ వెబ్‌స్టర్ అని ఒక సెంటర్ ఉండేవాడు. ఎన్ఎఫ్ఎల్‌లో, అంటే అక్కడి పెద్ద ఫుట్‌బాల్ లీగ్‌లో, మొత్తం 17 సీజన్లు ఆడాడు, నాలుగు సూపర్ బౌల్స్, అంటే ఆ లీగ్ ఫైనల్స్, గెలిచాడు. ఆట మానేశాక మనిషి మారిపోయాడు. మతిమరుపు, కోపం, నిద్ర లేకపోవడం, చివరికి తన ట్రక్కులో పడుకునే పరిస్థితి. 2002లో 50 ఏళ్లకే పోయాడు. అక్కడి శవపరీక్షల ఆఫీసులో బెన్నెట్ ఒమలు అని నైజీరియా నుంచి వచ్చిన డాక్టరు ఉన్నాడు, ఫుట్‌బాల్ గురించి ఆయనకి పెద్దగా ఏమీ తెలియదు. వెబ్‌స్టర్ మెదడు పైకి మామూలుగానే ఉంది. అయినా ఆయనకి మనసు ఒప్పలేదు, సొంత డబ్బు పెట్టి సన్నటి పొరలుగా కోయించి, రంగు వేయించి మైక్రోస్కోపు కింద చూశాడు. ఆ వయసు మనిషిలో ఉండకూడనివి కనిపించాయి. 2005లో అది అచ్చయితే, లీగ్ తరఫు డాక్టర్లు ఆ వ్యాసం వెనక్కి తీసుకోమని పట్టుబట్టారు. దెబ్బలకీ ఈ జబ్బుకీ సంబంధం ఉందని ఎన్ఎఫ్ఎల్ పెద్ద ఒకాయన అమెరికా చట్టసభ సభ్యుల ముందు ఒప్పుకునేసరికి 2016 వచ్చింది. ఆ మధ్యలో పోయిన ఏళ్లు తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఆ జబ్బు పేరు సీటీఈ. మన నరకణాల లోపల సన్నటి గొట్టాలుంటాయి, వాటిని పట్టి ఉంచేది టౌ అనే ప్రొటీను. పెళ్లి పందిరి రాటలకి కట్టిన తాడు అనుకో. తలకి మళ్లీ మళ్లీ దెబ్బలు తగిలితే ఆ తాళ్లు ఊడి, చిక్కుపడి, ఉండలు కట్టి, చిన్న చిన్న రక్తనాళాల చుట్టూ పేరుకుంటాయి. బతికున్న మనిషిలో దీన్ని ఖాయంగా చెప్పే పరీక్ష ఇంకా లేదు, పోయాక మెదడు చూసి చెప్పాల్సిందే.

అంతకుముందు ఒకరోజు "హెల్మెట్ ఉంది కదా" అన్నావు. అందుకే ఆ రోజు స్టీలు డబ్బాలో తోడుపెట్టిన పెరుగు తీసి, మూత బిగించి, నీ చేతికిచ్చి గట్టిగా నాలుగుసార్లు ఊపమన్నాను. డబ్బాకి చిన్న సొట్ట కూడా పడలేదు. మూత తీస్తే గడ్డపెరుగు ముక్కలు ముక్కలై, నీళ్లు తేలి ఉంది. నువ్వు చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయావు, బుజ్జి మాత్రం "మజ్జిగ చేసేయ్ అమ్మమ్మా" అంది. మెదడు పెరుగంత సుకుమారం కాదులే, పైగా దాని చుట్టూ నీరు కూడా ఉంటుంది. కానీ పరుగెత్తే తల టక్కున ఆగినప్పుడు లోపలిది వెంటనే ఆగదు, కదులుతుంది, మెలి తిరుగుతుంది, సాగుతుంది. హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది, లోపలి కదలికని పూర్తిగా ఆపలేదు.

ఇక్కడ ఒక్క మాట జాగ్రత్తగా విను. 2017లో బోస్టన్ యూనివర్సిటీ వాళ్లు 111 మంది ఎన్ఎఫ్ఎల్ ఆటగాళ్ల మెదళ్లు చూస్తే 110 మందిలో సీటీఈ కనిపించింది. ఆడిన ప్రతివాడికీ వస్తుందని దానర్థం కాదు. ఏదో తేడా ఉందని అనుమానం వచ్చిన కుటుంబాలే ఎక్కువగా మెదళ్లు దానం చేస్తాయి. నీకు అబద్ధం చెప్పి భయపెట్టడం నాకిష్టం లేదు. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది 2023లో వచ్చిన ఇంకో పరిశోధన. 631 మంది మాజీ ఆటగాళ్ల మెదళ్లు చూస్తే, ఎన్ని కంకషన్లు, అంటే తలకి దెబ్బ తగిలి మెదడు అదిరిపోవడాలు, అయ్యాయన్న దానికంటే, అన్నేళ్లలో తల మీద మొత్తం ఎంత దెబ్బ పడిందన్నదే జబ్బుని ఎక్కువగా పట్టించింది. అంటే కళ్లు తిరిగి పడిపోయే పెద్ద దెబ్బ ఒక్కటే కాదు, తగిలినా నువ్వు లేచి నవ్వుతూ వెళ్లిపోయే చిన్న దెబ్బలు కూడా. వాటిని ఎవరూ లెక్కపెట్టరు.

నీ హెల్మెట్ నేను ఒకసారి తుడిచాను, నీకు తెలియదు. ముందువైపు ఎర్రటి గీతలున్నాయి, మీ జట్టు రంగు నీలం కదా. ఎదుటి పిల్లల హెల్మెట్ల రంగు అంటుకుంది. వేలితో తడుముతూ లెక్కపెడితే పద్నాలుగు. ఒక్క మ్యాచ్‌వి.

పెద్ద దెబ్బని తేలిగ్గా తీసుకోమని కాదు. వాషింగ్టన్ రాష్ట్రంలో జాకరీ లిస్టెట్ అని 13 ఏళ్ల పిల్లాడు, నీ ఈడువాడే, 2006లో తలకి దెబ్బ తగిలాక మళ్లీ ఆటలోకి దిగి, మ్యాచ్ అయ్యాక కుప్పకూలిపోయాడు. మాట్లాడటం, నడవడం అన్నీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. అతని పేరు మీద 2009లో చట్టం వచ్చింది, దెబ్బ తగిలిందని అనుమానం వచ్చినా డాక్టరు సరే అనేదాకా పిల్లల్ని ఆడించకూడదని. 2014కల్లా 50 రాష్ట్రాల్లోనూ అలాంటి చట్టాలు వచ్చాయి. అమ్మానాన్న సంతకం పెట్టిన ఆ కంకషన్ కాగితం వెనక ఉన్నది ఇలాంటి పిల్లలే. కానీ నాన్నా, నువ్వు తల తిరుగుతోందని చెప్పకపోతే ఆ కాగితం ఏం చేస్తుంది? కోచ్ ఏమనుకుంటాడో, టీమ్‌లో చోటు పోతుందేమో అని దాచకు.

మరి ఆట ఏమవుతుంది అంటావా. 2024 సూపర్ బౌల్‌ని 12 కోట్ల మందికి పైగా చూశారు. హైస్కూళ్లలో ఆడే పిల్లలు మాత్రం 2008 ప్రాంతంలో 11 లక్షలకు పైగా ఉంటే ఇప్పుడు 10 లక్షల పైచిలుకు. నా బెంగ ఆ అంకె గురించి కాదు. మీ నాన్నలాంటి వాళ్లు కావాలంటే టెన్నిస్‌లో చేర్పిస్తారు. కాలేజీ స్కాలర్‌షిప్ తప్ప వేరే దారి లేని ఇంటి పిల్లాడు ఆడుతూనే ఉంటాడు. ఎన్ఎఫ్ఎల్‌లో సగం కంటే ఎక్కువ మంది నల్లజాతి ఆటగాళ్లే. జబ్బుపడ్డవాళ్లకి పరిహారం ఇచ్చేటప్పుడు, నల్లవాళ్ల తెలివితేటలు మొదటి నుంచీ తక్కువే అన్నట్టు లెక్క కట్టే పద్ధతి వాడారు, దాన్ని తీసేస్తామని ఒప్పుకున్నది 2021లో. మనం చప్పట్లు కొట్టే ఆటకి తలలు ఇచ్చేది ఎవరి పిల్లలు అన్నది నువ్వు పెద్దయ్యాక కూడా అడుగుతూ ఉండాలి.

ఆట మారదని మాత్రం అనకు. 1905లో ఒక్క సీజన్‌లోనే 18 మంది దాకా కుర్రాళ్లు చనిపోయారు, ఆ ఏడాదే ప్రెసిడెంటు థియోడర్ రూజ్‌వెల్ట్ కాలేజీల వాళ్లని వైట్‌హౌస్‌కి పిలిపించి మాట్లాడాడు. మరుసటి ఏడాదే బంతిని ముందుకి విసరడానికి ఒప్పుకుంటూ రూలు పెట్టారు. నువ్వు పెరట్లో చీకటిపడేదాకా ప్రాక్టీసు చేస్తావే, గిర్రున తిరుగుతూ వెళ్లే పాస్, అది ఆటలోకి వచ్చింది అలాగే. 2024లో ఎన్ఎఫ్ఎల్ వాళ్లు కిక్‌ఆఫ్, అంటే బంతిని తన్ని ఆట మొదలుపెట్టే పద్ధతి, కూడా మార్చారు, దూరం నుంచి పరుగెత్తుకొచ్చి గుద్దుకోవడం తగ్గాలని. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఉంది, నడుముకి కట్టిన గుడ్డ పీలిక లాగితే చాలు, మనిషిని పడేయక్కర్లేదు. బుజ్జీ, అందులో ఆడవాళ్ల పోటీలు కూడా ఉన్నాయి.

నా మనసులో మాట అడిగితే, హైస్కూలు దాకా చిన్నూ ఫ్లాగ్ ఆడితే బాగుండు. పాస్ విసరడం, పరుగు, ఎత్తులు అన్నీ అందులోనే వస్తాయి, తల మీద పడే దెబ్బల్లో రెండు మూడేళ్లవి తగ్గిపోతాయి. అమ్మకీ నాన్నకీ ఇదే చెప్పాను. వాళ్లూ నువ్వూ కూర్చుని తేల్చుకోండి, నేను అలగను.

ఈలోగా ఒక పని చెయ్యి. ఈ వారం ప్రతి ప్రాక్టీసు అయ్యాక, తలకి ఎన్నిసార్లు తగిలిందో, చిన్నదైనా సరే, ఇంటికి రాగానే కాగితం మీద రాయి. ఆదివారం ఫోన్ చేసినప్పుడు చెప్పు, ఇక్కడ నా దగ్గర కూడా ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను. మొదటి పేజీలో పద్నాలుగు అని రాశాను.

మీ అమ్మమ్మ
తెనాలి