పాలు చేపడం

ఒంగోలు జాతి ఆవును పితికే రైతు చెంబు పట్టుకొని నేరుగా పొదుగు దగ్గర కూర్చోడు. ముందు దూడ కట్టు విప్పుతాడు. అది పరుగున వచ్చి, తల్లి పొదుగును మూతితో రెండు మూడుసార్లు కుమ్మి, నాలుగు చన్నులూ మార్చి మార్చి చీకుతుంది. తల్లి వెనక్కి తిరిగి దూడ వీపు నాకుతుంది. అప్పుడు చన్నుల్లోకి పాలు దిగుతాయి. దూడను పక్కకు లాగి కట్టేసిన తర్వాతే పితకడం మొదలవుతుంది. పాలు ఇలా దిగడాన్ని మా ప్రకాశం జిల్లా పల్లెల్లో చేపడం అంటారు. బాలింతలు తమ సంగతి చెప్పుకొనేటప్పుడు కూడా ఇదే మాట వాడతారు. సింగరాయకొండ దగ్గరి మా అమ్మమ్మగారి ఊరిలో, పురిటికి వచ్చిన మా పిన్ని వంటింట్లో కూర్చొని, ‘బిడ్డ ఏడుపు చెవిన పడంగానే చేపుకొచ్చినయి’ అంటూ తడిసిన రవికను పైటతో కప్పుకొని గదిలోకి పరుగెత్తడం నాకు బాగా గుర్తుంది.

తల్లీబిడ్డల అనుబంధం గురించి శాస్త్రం చెప్పగలిగినదానిలో చాలా భాగం ఈ ఒక్క మాట చుట్టూ తిరుగుతుందని నేను నమ్ముతాను. రొమ్ములో పాలు ఉండటం వేరు, అవి బయటికి రావడం వేరు. పాలను తయారుచేయించేది ప్రొలాక్టిన్ అనే హార్మోను. తయారైన పాలు రొమ్ములోని సన్నని తిత్తుల్లో నిలిచి ఉంటాయి. బిడ్డ చన్ను చీకినప్పుడు చనుమొన దగ్గరి నరాల నుంచి వెన్నుపాము ద్వారా మెదడులోని హైపోథాలమస్‌కు కబురు అందుతుంది; దాని ఆజ్ఞతో పిట్యూటరీ గ్రంథి వెనుక భాగం ఆక్సిటోసిన్ అనే మరొక హార్మోనును రక్తంలోకి వదులుతుంది; అది రొమ్ముకు చేరి, పాలతిత్తుల చుట్టూ వలలాగా అల్లుకొని ఉన్న కండరం వంటి కణాలను బిగిస్తుంది. పిండినట్టుగా పాలు నాళాల్లోకి వస్తాయి.

పిట్యూటరీ గ్రంథి రసానికి గర్భసంచిని ముడుచుకొనేలా చేసే గుణం ఉందని ఆంగ్ల శాస్త్రవేత్త హెన్రీ డేల్ 1906లో గమనించాడు. అదే రసం మేకలో పాలను చేపిస్తుందని 1910లో తెలిసింది. ఆ రసంలో ఈ పనులు చేసేది ఆక్సిటోసినే. తొమ్మిది అమైనో ఆమ్లాల ఈ చిన్న పదార్థాన్ని అమెరికన్ శాస్త్రవేత్త విన్సెంట్ డు విగ్నో 1953లో ప్రయోగశాలలో తయారుచేసి, 1955లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి అందుకున్నాడు. కాన్పయిన కొత్తలో పాలిస్తుంటే పొత్తికడుపులో మెలిపెట్టినట్టు నొప్పి వస్తుందని బాలింతలు చెబుతారు. అదీ ఆక్సిటోసిన్ పనే. గర్భసంచి బిగుసుకొని రక్తస్రావం తగ్గుతుంది. పుట్టిన గంటలోపే బిడ్డను రొమ్ముకు పట్టించమని, ముర్రుపాలను పిండి పారబోయవద్దని వైద్యులు పట్టుబట్టడంలో బిడ్డ మేలుతో పాటు తల్లి మేలు కూడా ఉంది.

ఇంతవరకు ఇది నరాలకూ రక్తానికీ సంబంధించిన వ్యవహారమే. అయితే పాలిస్తున్న తల్లుల రక్తాన్ని కొద్ది నిమిషాలకొకసారి పరీక్షించిన శాస్త్రవేత్తలు 1983లో ఒక ముఖ్యమైన తేడాను ప్రకటించారు. ప్రొలాక్టిన్ బిడ్డ చీకినప్పుడే పెరుగుతుంది. ఆక్సిటోసిన్ మాత్రం బిడ్డ ఇంకా రొమ్మును తాకకముందే, ఏడ్చినప్పుడో ఆకలితో మసలినప్పుడో చాలామంది తల్లుల్లో పెరగడం మొదలవుతుంది. వంటింట్లో కూర్చున్న మా పిన్ని రవిక తడవడానికి కారణం ఇదే. బిడ్డ గొంతు తల్లి శరీరానికి ఒక సంకేతమైపోయింది. బస్సులో పక్క సీటులోని పరాయి బిడ్డ ఏడ్చినా కొందరు బాలింతలకు పాలు చేపుకొస్తాయి.

దీనికి మరో వైపు కూడా ఉంది. నైల్స్ న్యూటన్, మైకేల్ న్యూటన్ అనే అమెరికన్ దంపతులు 1948లో ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. పాలిచ్చే తల్లిని కొన్ని రోజులు ప్రశాంతంగా ఉండనిచ్చారు. కొన్ని రోజులు పాలిచ్చే సమయంలోనే ఆమె కాళ్లను మంచునీటిలో పెట్టించడం, కాలి వేళ్లను నొప్పి కలిగేలా లాగడం, లెక్కలు అడిగి వెంటనే జవాబు చెప్పమనడం వంటి చికాకులు కల్పించారు. చికాకు పెట్టిన రోజుల్లో బిడ్డకు అందిన పాలు బాగా తగ్గాయి. అదే చికాకుల మధ్య ఆక్సిటోసిన్ గుణమున్న మందును ఇంజెక్షన్‌గా ఇచ్చినప్పుడు పాలు దాదాపు మామూలు స్థాయికి వచ్చాయి. అంటే రొమ్ములో పాలకు కొరత లేదు, చేపు ఆగిపోయింది. తల్లికి నొప్పి, భయం, ఆందోళన కలిగినప్పుడు మెదడు ఆక్సిటోసిన్‌ను సరిగా వదలదు. ఒత్తిడిలో పుట్టే అడ్రినలిన్ కూడా దాని పనికి అడ్డుపడుతుంది.

‘నీకు పాలు లేవు’ అని బాలింతను పదిమందిలో అనడం ఎంత హానికరమో ఈ ప్రయోగం చదివితే తెలుస్తుంది. ఆ మాట విన్న తల్లి బెదురుతుంది, బెదిరితే చేపు ఆగుతుంది, బిడ్డ మరింత ఏడుస్తుంది, డబ్బా పాలు ఇంట్లోకి వస్తాయి, చీకడం తగ్గినకొద్దీ పాల తయారీ కూడా నిజంగానే తగ్గిపోతుంది. తొలి కాన్పుకు ఆడపిల్లను పుట్టింటికి తీసుకువచ్చే ఆచారంలో ఇతర కారణాలెన్ని ఉన్నా, అత్తగారింటి పనులకూ మాటలకూ దూరంగా, తన తల్లి కాళ్లు చాచుకొని బిడ్డకు నీళ్లు పోస్తుంటే పక్కన నిశ్చింతగా కూర్చోగలగడం బాలింత శరీరానికి గట్టి సాయమేనని నా అభిప్రాయం.

అలాగని తల్లి ప్రేమంతా ఒక హార్మోను అనుకుంటే పొరపాటు. ఇందుకు నెల్లూరు గొర్రె మంచి ఉదాహరణ. ఆ జాతిలో జొడిపి రకం అయినా పల్ల రకం అయినా, ఈనిన గొర్రె తొలి గంట రెండు గంటల్లో పిల్లను నాకుతూ దాని వాసనను మనసుకు పట్టించుకుంటుంది. ఆ తర్వాత ఆ ఒక్క పిల్లకే పాలిచ్చి, వేరే పిల్ల వస్తే తలతో కుమ్మి తరుముతుంది. ఈనేటప్పుడు గర్భద్వారం సాగడం వల్ల గొర్రె మెదడులో ఆక్సిటోసిన్ విడుదలై ఈ మార్పుకు దారి తీస్తుందని ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ ప్రాంతంలో బ్యారీ కెవెర్న్, కీత్ కెండ్రిక్ బృందాలు 1980లలో చూపాయి.

మనిషి తల్లి అలా కాదు. దత్తత తెచ్చుకున్న బిడ్డను గుండెకు హత్తుకోగలదు. ఆపరేషన్‌తో కాన్పయినా, పాలు పడకపోయినా ఆమె తల్లితనానికి లోటు రాదు. తొలి ఆరు నెలల్లో బిడ్డతో కలిసి గడిపే తండ్రుల రక్తంలో కూడా ఆక్సిటోసిన్ తల్లుల స్థాయిలోనే ఉన్నట్టు 2010లో ప్రచురితమైన ఒక పరిశీలన చెప్పింది. మనుషుల్లో బంధం ఎత్తుకోవడం వల్ల, పలకరించడం వల్ల, రోజూ పెరుగుతూ వస్తుంది.

బిడ్డ తన వంతుగా కడుపులోనే సిద్ధమవుతుంది. చివరి మూడు నెలల్లో చెవులు పనిచేస్తుంటాయి. ఉమ్మనీటి గుండా మాటల్లోని అక్షరాలు అస్పష్టంగా, ఎత్తుపల్లాలు మాత్రం బాగా వినిపిస్తాయి. మూడు రోజులైనా నిండని పసికందులు తల్లి గొంతు వినడం కోసం రబ్బరు పీకను చీకే తీరునే మార్చుకుంటారని ఆంథొనీ డికాస్పర్, విలియం ఫైఫర్ 1980లో నిరూపించారు. నెల్లూరు తల్లి కడుపులోని బిడ్డ, ఆ లెక్కన, ‘ఏంది మే’ అన్న పిలుపులోని సాగతీతను పుట్టకముందే వింటూ ఉంటుంది.

నన్ను బాధపెట్టే విషయం ఒకటుంది. సంఘటిత రంగంలోని ఉద్యోగినికి ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో వచ్చిన సవరణతో తొలి ఇద్దరు బిడ్డలకు 26 వారాల ప్రసూతి సెలవు దక్కింది. సెలవు తర్వాత బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా పాలిచ్చేందుకు రోజుకు రెండు విరామాలివ్వాలని 1961 నాటి ఆ చట్టమే చెప్పింది. టంగుటూరు, కందుకూరు చుట్టుపక్కల పొగాకు గ్రేడు చేసే ఆడవాళ్లలో, పెన్నా ఆయకట్టులో వరినాట్లు వేసే వాళ్లలో చాలామంది రోజుకూలీలు. పనిలోకి రాని రోజుకు కూలి ఉండదు. మధ్యాహ్నానికి రొమ్ములు గట్టిపడి సలుపుతుంటే గోడ చాటున పిండి పారబోసుకొనే తల్లులున్నారు. పాలు అలా ఎక్కువసేపు నిండి నిలిచిపోతే, ఇక చాలునన్న కబురు రొమ్ముకు అంది, కొద్దిరోజుల్లో తయారీ తగ్గుతుంది. పొగాకు పనిలో అదనపు చిక్కు కూడా ఉంది: నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి చేరుతుంది, అక్కడి నుంచి పాలలోకి వస్తుంది; కనుక బిడ్డను ఎత్తుకొనే ముందు చేతులు సబ్బుతో కడుక్కోవడానికి నీళ్లు, పైన వేసుకొన్న పనిబట్ట మార్చుకొనే చోటు తప్పనిసరి.

షెడ్డుకు ఒక పక్కన, దుమ్ము రాని చోట, తెర కట్టిన చిన్న గది, రెండు ఉయ్యాలలు, బిడ్డల్ని చూసుకొనే ఒక పెద్దావిడ, పూటకు ఇరవై నిమిషాల విరామం, దానికి కూలి కోత లేకపోవడం: యజమానులను అడగవలసింది ఇంతే. ఆ గది పని చేసే చోటికి బిడ్డ ఏడుపు వినపడేంత దగ్గరలో ఉండాలి.